హిస్టరీ బీయే గారి హిస్టరీ షీటు

మా ఎస్సై సత్యానందం గారికి ఇవాళ జరిగినదాని మీద బొత్తిగా నమ్మకం ఉండేది కాదండీ. నిన్న జరిగినదాని మీద కొంచెం గురి. తాతల నాడు జరిగినదయితే మాత్రం కుర్చీ ముందుకి లాక్కుని కూర్చునేవారు. తల పగిలి రక్తం కారుతూ వచ్చినవాణ్ణి ఆస్పత్రికి పంపి, కట్టు కట్టించి, మజ్జిగ తాగించి, అప్పుడు నెమ్మదిగా అడిగేవారు.

"సరే, కొట్టేడు. దానికి ముందు?"

నేను ఆ స్టేషనులో రైటర్ని. అంటే కాగితాల రాతకోతలన్నీ చూసే కానిస్టేబుల్ని. పేరు పోలిరాజు. స్టేషను ఉప్పలగుప్తం అవతల, గాలి మళ్ళితే సముద్రం వాసన తగిలే చోట ఉండేది. ఊరి పేరు చెప్పను. అక్కడివాళ్ళకి పాత సంగతులు బాగా గుర్తుంటాయి. అలా గుర్తుండేలా చేసింది సత్యానందం గారే. డెబ్బై ఎనిమిది నుంచి ఎనభై రెండు దాకా ఆయన అడిగిన ప్రశ్నలకి జవాబులు చెప్పీ చెప్పీ జనానికి వాళ్ళ ముత్తాతల పేర్లు నోటికి వచ్చేసేయి.

ఆయన అమలాపురంలో హిస్టరీ బీయే చదివేరు. చదవడమంటే అందరిలా పరీక్షకి చదివి మర్చిపోవడం కాదు. ఆ చదువు ఆయనకి జ్వరంలా పట్టుకుంది, మరి తగ్గలేదు. లెక్చరరు అవుదామంటే ఖాళీలు లేవు. ఎస్సై పోస్టులు ఖాళీ ఉన్నాయి, ఛాతీ కొలత సరిపోయింది. ఇంటర్వ్యూలో ఒక పెద్దాఫీసరు, "చరిత్ర చదివినవాడివి, పోలీసు డిపార్టుమెంటు ఎందుకయ్యా?" అని అడిగేరట.

"రెండూ ఒకటేనండి," అన్నారట ఈయన. "జరిగినప్పుడు మనం అక్కడ ఉండం. ఉన్నవాళ్ళు నిజం చెప్పరు."

ఉద్యోగం ఇచ్చేసేరు.

ఆయన జాయినయిన వారంలోనే పాపాయమ్మ కేసు వచ్చింది. పాపాయమ్మా అప్పలమ్మా పక్క పక్క ఇళ్ళవాళ్ళు. పాపాయమ్మ నుదుటి మీద బొప్పి, చేతిలో సొట్టపడ్డ చెంబు. అప్పలమ్మ ఎదురుబల్ల మీద మొహం తిప్పుకుని కూర్చుంది.

"అయ్యగారండీ, ఇది నన్ను ఈ చెంబుతో కొట్టిందండీ."

"దానికి ముందు?"

"నేను దాన్ని ఓ మాటన్నానండీ."

"దానికి ముందు?"

"దాని మేక మా బీరపాదు మేసేసిందండీ."

"ఆ మేక అంతకు ముందెప్పుడూ మెయ్యలేదా?"

"మెయ్యలేదండీ. ఇదివరకు మా మధ్య దడి ఉండేదండీ."

"దడి ఎవరు తీసేరు?"

పాపాయమ్మ ఆలోచనలో పడింది. "మేమే తీసేమండీ. దీని పెద్దకూతురి పెళ్ళికి పందిరి చాలదంటేనూ, రెండు వాకిళ్ళూ కలిపేసేమండీ."

"పెళ్ళి బాగా జరిగిందా?"

"ఎక్కడ బాగా అండీ!" అని అప్పలమ్మ బల్ల మీంచి లేచింది. "ఇది వండిన పనసపొట్టు కూరలో ఆవ ఎక్కువయిందని మగపెళ్ళివారు వంక పెట్టేరండీ."

"ఎవత్తే వంక పెట్టింది? ఆ వియ్యపురాలేనా?" అంది పాపాయమ్మ బొప్పి మర్చిపోయి. "దానికి ఆవ పెట్టిన కూర తిన్న మొహమేనా?"

"అదే కదే నేనూ అన్నాను! నీ తరపున అక్కడే పోట్లాడేను. నీకు చెప్పలేదు, బాధపడతావని."

"మగపెళ్ళివారు ఏ ఊరివారు?" అని అడిగేరు సత్యానందం గారు కలం తీసి.

ఇద్దరూ ఒక్కసారే ఆయన వైపు తిరిగేరు. "మా ఇళ్ళల్లో సంగతులు మీకెందుకండీ?" అని ఒక్క గొంతుతో అడిగి, కలిసి ఇంటికి వెళ్ళిపోయేరు. చెంబు స్టేషనులోనే వదిలేసేరు. ఎస్సై గారు డైరీలో మూల కారణం పెళ్ళి అనీ, తక్షణ కారణం మేక అనీ, ఫలితం సంధి అనీ రాయించేరు. రాసింది నేనే. పై ఆఫీసరు ఎవరైనా చదివితే ఏమంటారో అని సంతకం ఆయనతో పెట్టించేను.

ఆధారాల విషయంలో మరీ పట్టుదల. మా కానిస్టేబులు తాతబ్బాయి ఒకసారి సైకిలు దొంగని సైకిలుతో సహా పట్టుకొచ్చేడు. మెడ నిక్కించుకుని నిలబడ్డాడు, శభాష్ అంటారని.

"సైకిలు వీడి దగ్గరే దొరికిందండి."

"దొరికితే?" అన్నారు సత్యానందం గారు. "రోము నాణేలు మన దేశంలో దొరికేయి. రోము రాజులు మనల్ని పరిపాలించేరా?"

తాతబ్బాయికి రోము సంగతి తెలియదు. దొంగకీ తెలియదు. కానీ వాడికి ఆకలేస్తోంది. "నేనే తీసేనండి బాబూ, ఒప్పేసుకుంటున్నానండి," అన్నాడు.

"నీ గురించి నువ్వు చెప్పుకుంటే అది ఆత్మకథ అవుతుంది. ఆధారం అవదు. కూర్చో."

సాయంత్రం దాకా పూర్వోత్తరాలు అడిగేరు. ఆఖరికి దొంగ మా తాతబ్బాయిని పక్కకి పిలిచి, "ఈసారి తీస్తే రాజోలు వెళ్ళి తీసుకుంటానండి, అక్కడ కొట్టి వదిలేస్తారు," అని కన్నీళ్ళు పెట్టుకున్నాడు. తర్వాత మా ఇలాకాలో వాడు కనిపించలేదు.

చర్చిలోనూ ఇదే తంతు. సృష్టి మొదలైన రోజు గురించి పాస్టరు గారు ప్రసంగం చేస్తుంటే, ఈయన చెయ్యెత్తి, "దానికి ముందండీ?" అని అడిగేరట.

"దానికి ముందు ఏమీ లేదు సత్యానందం. కూర్చో," అన్నారట పాస్టరు గారు. ఆయన కూర్చున్నారట గానీ, ప్రసంగం అయ్యేదాకా మొహంలో తృప్తి లేదట. ఈ సంగతి చెప్పింది ఆయన భార్య లీలావతి గారు. ఆవిడ స్కూల్లో టీచరు. ఇంట్లో ఆయనతో నెగ్గుకొచ్చే విద్య ఆవిడ ఒక్కరికే తెలుసు. ఒకనాడు నేను ఏదో సంతకానికి క్వార్టర్సుకి వెళ్ళేసరికి ఆయన అన్నం ముందు కూర్చుని, "చారులో ఉప్పు ఎందుకు లేదు?" అంటున్నారు.

"మూల కారణం, ఉప్పు తెమ్మని పొద్దున్న చెప్పేను. తక్షణ కారణం, మీరు తేలేదు. ఫలితం మీ విస్తట్లో ఉంది," అన్నారు లీలావతి గారు. ఆయన మారు మాట్లాడకుండా తిన్నారు. సమాధానం ఆ పద్ధతిలో ఉంటే ఆయన మార్కులు తగ్గించలేరు.

ఇదంతా మాకు సరదాయే గానీ, మా సర్కిలు ఇన్స్పెక్టరు గారికి కాదు. సీఐ గారు నెలనెలా వచ్చి లెక్క అడిగేవారు. మిగతా స్టేషన్లలో కేసులు గుట్టలు పడి ఉంటే మాది ఎండాకాలం కాలవలా ఉండేది.

"ఏమయ్యా, నీ ఇలాకాలో నేరాలే జరగవా?"

"జరుగుతున్నాయండి. ఇంకా పూర్వరంగంలో ఉన్నాయి."

సీఐ గారు మంచినీళ్ళు అడిగి పుచ్చుకుని వెళ్ళిపోయేవారు.

అలా ఉండగా ముత్యాలు గొడవ వచ్చింది.

ముత్యాలు రేవులో పంటు మీద, అంటే జనాన్ని గోదారి దాటించే బల్లకట్టు మీద పనిచేసే కుర్రాడు. ఇరవై దాటిన వయసు, చెట్టంత మనిషి. ఎస్సెల్సీ పాసయ్యేడు. తల్లి సత్యవతి ఎండుచేపలు బుట్టలో పెట్టుకుని ఊళ్ళమ్మట అమ్ముతుంది. చేతి దురుసు ఉందని ముత్యాలుకి కొంచెం పేరు. ఒకరోజు నిండు పంటు మీంచి ఐసు ఫ్యాక్టరీ గంగరాజు గారి కొత్త అల్లుణ్ణి గోదాట్లోకి తోసేసేడు. ఒడ్డు దగ్గరే, నడుంలోతు నీళ్ళు. నష్టం నల్లకళ్ళజోడు ఒకటి, సిగరెట్టు పెట్టె ఒకటి, అల్లుడు గారి పరువు.

మర్నాడు అందరూ స్టేషనులో ఉన్నారు. గంగరాజు గారు తెల్లపంచె, అల్లుడు గారు ఇస్త్రీ ప్యాంటు, ముత్యాలు లుంగీ.

"తోసేడండి!" అన్నారు అల్లుడు గారు.

"దానికి ముందు?"

"ముందేం లేదండి. ఊరికినే తోసేడు."

"ఊరికినే జరిగిన యుద్ధం నేను ఎక్కడా చదవలేదండి. ముత్యాలూ, నువ్వు చెప్పు."

ముత్యాలు నేల చూస్తూ నిలబడ్డాడు.

సత్యానందం గారికి తొందర లేదు. టీలు తెప్పించేరు. అల్లుడు గారిని పంటు ఎక్కిన దగ్గర్నుంచి అడిగేరు. ఎక్కడ నిలబడ్డారు, పక్కన ఎవరున్నారు, గాలి ఎటు వీస్తోంది. గాలి దగ్గర అల్లుడు గారు దొరికిపోయేరు.

"గాలి ఇటే వీస్తోందండి. అందుకే కదండీ ఆ కంపు! ఆ ముసల్ది ఎండుచేపల బుట్ట నా పక్కనే దించింది. తియ్యమన్నాను, తియ్యలేదు."

"అప్పుడు?"

"కాలితో కొంచెం జరిపేనండి."

"సత్యవతి బుట్ట ఇప్పుడెక్కడుంది?"

అల్లుడు గారు మామగారి వైపు చూసేరు. "నీళ్ళల్లో పడిందండి."

సత్యానందం గారు కలం మూసేరు. నేను అయిపోయిందనుకున్నాను. కానీ ఆయన కుర్చీ ముందుకి లాక్కుని, గంగరాజు గారి వైపు తిరిగేరు.

"మీ ఐసు ఫ్యాక్టరీ ఎప్పుడు పెట్టేరండీ?"

"నేనే పెట్టేనండి, అరవైల్లో," అన్నారు గంగరాజు గారు హుషారుగా. ఆ ప్రశ్న ఆయనకి ఇష్టం.

"దానికి ముందు?"

"చేపల వ్యాపారం అండి. లారీల మీద పంపేవాణ్ణి."

"దానికి ముందు?"

"సైకిలు మీద అమ్మేవాణ్ణండి."

"దానికి ముందు?"

గంగరాజు గారు అల్లుడి వైపు ఒకసారి, తలుపు వైపు ఒకసారి చూసేరు. "మా అమ్మ..." అని ఆగి, "మా అమ్మ బుట్టెత్తుకునేదండి," అన్నారు.

గంగరాజు గారు లేచి, పంచె సర్దుకుని, "కేసూ గీసూ వద్దులెండి," అని బయటికి నడిచేరు. సత్యానందం గారు ముత్యాలుని కూడా వదల్లేదు. "అడ్డమైన పనీ చేసినవాణ్ణల్లా తోసుకుంటూ పోతే గోదారి చాలదురా," అని చీవాట్లు పెట్టి పంపేరు.

కథ అక్కడ అయిపోవలసింది. కానీ కొత్త అల్లుడు అలిగేరండీ. అన్నం మానేసేరు. కూతురు ఏడుపు. ఇంట్లో పొయ్యి వెలగలేదు. గంగరాజు గారు ఆఖరికి తల పట్టుకుని సీఐ గారి దగ్గరికి వెళ్ళి, "ఏదో ఒకటి చెయ్యండి బాబూ, మా ఆయన అన్నం తినాలి," అని మొరపెట్టుకున్నారు. అల్లుణ్ణి ఆయన అలాగే అనేవారు, మర్యాదకి.

సీఐ గారు మాకు ఫోను చేసేరు. "ఆ ముత్యాలు గాడి మీద హిస్టరీ షీటు ఓపెన్ చెయ్యి. కాగితాలు నాకు పంపు."

హిస్టరీ షీటంటే రౌడీల మీద పెట్టేది. ఒకసారి స్టేషనులో ఒక మనిషి మీద అది పడితే ఊళ్ళో దొంగతనం జరిగినా, తగువు జరిగినా, ముందు వాడికే కబురు. అయితే ఆ మాట వినగానే మా ఎస్సై గారి మొహం వెలిగిపోయింది. ఫోను పెట్టేసి చేతులు రుద్దుకున్నారు.

"పోలిరాజు గారూ, డిపార్టుమెంటు ఇన్నాళ్ళకి నా సబ్జెక్టులో పని చెప్పిందండి."

నాకు ఆ కుర్రాడి మీద జాలేసింది. ఈయన మీద కోపం కూడా వచ్చింది.

మర్నాటి నుంచీ బయల్దేరేరు. ఆయన మోటారు సైకిలు మీద, వెనకాల నేను కాగితాలు పట్టుకుని. ముత్యాలు తాత ఏ ఊరి నుంచి వచ్చేడు, ఏ రేవులో పడవ కట్టేడు, అన్నీ కావాలి. మంత్రసాని దానమ్మని కూర్చోబెట్టి ఒక పూటంతా అడిగేరు. నలుగురు ముసలాళ్ళ చేత నాలుగు రకాలుగా చెప్పించి, అందులో ఏది నిజమో తేలక ఐదోవాడి కోసం మురమళ్ళ దాకా వెళ్ళేరు.

సీఐ గారు ఫోను చేసేరు. "ఓపెన్ చేసేవా?"

"ఆయ్, మొదలెట్టేనండి."

"ఎందాకా వచ్చింది?"

"వాళ్ళ అమ్మానాన్నల పెళ్ళి కుదిరిందండి."

అవతల చాలాసేపు ఏమీ వినపడలేదు. లైను కట్టయిందనుకుని మా ఎస్సై గారు ఫోను ఊపి చూసేరు.

తర్వాత మళ్ళీ చేసేరు. "ఏమయింది?"

"నెలలు నిండేయండి. ఇవాళో రేపో."

ఇంకోసారి, "పుట్టేడండి. మగపిల్లాడు."

"మగపిల్లాడని నాకు తెలుసయ్యా!"

ఇంకోసారి, "పాలపళ్ళు ఊడుతున్నాయండి."

ఈ లెక్కన ముత్యాలు నేరం చేసే వయసుకి వచ్చేసరికి సీఐ గారు రిటైరవుతారని తాతబ్బాయి లెక్క కట్టేడు. అల్లుడు గారు మాత్రం ఆకలికి ఆగలేక అప్పటికే అన్నం మొదలుపెట్టేసేరు. అయినా సీఐ గారు మాట ఇచ్చేసేరు కదా. ఒకరోజు జీపేసుకుని దిగేరు. ఆ ముందు వారం నేను సెలవులో ఉండి ఆ పూటే డ్యూటీలోకి వచ్చేను.

"ఎక్కడ ఆ షీటు?"

సత్యానందం గారు లావుపాటి కట్ట తెచ్చి బల్ల మీద పెట్టేరు. దారంతో కుట్టి, అంచులు సమంగా కత్తిరించి ఉంది. సీఐ గారు తిట్టడానికి నోరు తెరుస్తూనే మొదటి పేజీ తిప్పేరు. తాతగారు పడవలో దిగేరు. రెండో పేజీ తిప్పేరు. తిట్టడం వాయిదా పడింది. టీ వచ్చి చల్లారిపోయింది. డ్రైవరు వచ్చి చూసి వెళ్ళేడు. ఒకచోట సీఐ గారు కిసుక్కున నవ్వేరు. అది దానమ్మ చెప్పిన ముక్క అయ్యుంటుంది, బొడ్డు కోసేటప్పుడు వీడు ఆవిడని తన్నేడట.

ఆఖరి పేజీ నాకు తెలుసు. నా చేతిరాతే. ముత్యాలు అయిదో తరగతిలో ఉండగా తండ్రి వేటకి వెళ్ళి తిరిగి రాలేదు. మూడు రోజులు చూసి, నాలుగో రోజు తల్లి బుట్టెత్తుకుంది. అక్కడితో ఆగిపోయింది.

సీఐ గారు కళ్ళజోడు తీసేరు. దాన్ని తుడుచుకోవలసిన పనేమీ లేదు. అయినా తుడుచుకున్నారు.

"తర్వాత?" అన్నారు.

"తర్వాత విశాఖపట్నం పోర్టులో ఖలాసీ ఉద్యోగానికి సెలెక్టయ్యేడండి. పోయిన వారం పోలీసు వెరిఫికేషను కాగితం వచ్చింది."

"ఏమని రాసేవు?"

"ఇతని మీద ఈ స్టేషనులో హిస్టరీ ఏమైనా ఉందా అని అడిగేరండి. లేదని రాసేను. అబద్ధం కాదండీ. మనం ఇంకా అయిదో తరగతిలోనే ఉన్నాం. అయిదో తరగతి దాకా వాడు ఎవరినీ తొయ్యలేదు."

తాతబ్బాయి గోడకి అతుక్కుపోయేడు. సీఐ గారు ఆ కట్ట వైపూ మా ఎస్సై గారి మొహం వైపూ మార్చి మార్చి చూసేరు. ఆ మొహంలో వెతికినా ఏమీ దొరకదు. పరీక్ష రాసి పేపరిచ్చేసిన కుర్రాడిలా నిలబడి ఉన్నారు.

"ఆ గంగరాజు గారితో నేను మాట్లాడతాలే," అన్నారు సీఐ గారు లేస్తూ. "షీటు ఓపెన్ చెయ్యక్కర్లేదు." గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి తిరిగి, "ఈ కట్ట ఇంకెవరికీ చూపించకు. ఇలాంటివి అందరూ రాస్తే మనం ఎవరినీ కొట్టలేం," అన్నారు. టీ తాగకుండానే వెళ్ళిపోయేరు.

జీపు మలుపు తిరిగేక నేను ఉండబట్టలేక అడిగేసేను. "కావాలనే ఆలస్యం చేసేరాండీ?"

"ఎస్సై ఆలస్యం చేస్తే నిర్లక్ష్యం అంటారండి పోలిరాజు గారూ. హిస్టరీ స్టూడెంటు ఆలస్యం చేస్తే పరిశోధన అంటారు." ఆయన కట్ట తీసి బీరువాలో పెట్టి తాళం వేసేరు. "అయినా ఇరవై దాటిన పిల్లాడికి అప్పుడే హిస్టరీ ఏమిటండీ? మా కాలేజీలో అందరూ చచ్చిపోతే గానీ పాఠంలో పెట్టేవారు కాదు."

ఆ రోజు ఇంటికి వెళ్తూ ఆలోచించేను. ఆయన వచ్చిన దగ్గర్నుంచీ మా ఇలాకా కుర్రాళ్ళు ఎంతమంది టీచర్లయ్యేరు, రైల్వేలో చేరేరు, మిలట్రీకి వెళ్ళేరు! కుర్రతనంలో చెయ్యి చేసుకోనివాడు వాళ్ళల్లో ఒక్కడూ లేడు. ఒక్కడి కాగితం మీదా మా స్టేషను మరక పడలేదు. అందరి గొడవలూ ముత్తాతల దగ్గరికి నడిచి వెళ్ళి, అక్కడే నీడన పడుకున్నాయి. ఇదంతా ఆయన పిచ్చి అనుకుని మేం నవ్వుకునేవాళ్ళం. మేం నవ్వుతున్నామని ఆయనకి తెలుసు. అభ్యంతరం చెప్పలేదు.

ముత్యాలు ఉద్యోగం ఆర్డరు వచ్చేక తల్లితో కలిసి స్టేషనుకి వచ్చేడు. లుంగీ పోయి ప్యాంటు వచ్చింది. సత్యవతి ఎస్సై గారి కాళ్ళ మీద పడబోతే ఆయన కుర్చీ వెనక్కి లాక్కుని, "ఇక్కడ అలాంటివి చెయ్యకూడదమ్మా, స్టేషను ఇది," అని కసిరేరు. తర్వాత ముత్యాలు వైపు తిరిగేరు. వాడు అటెన్షనులో నిలబడ్డాడు. ఏదో గొప్ప మాట చెబుతారని మేమందరం చేతుల్లో పని ఆపేసి చెవులు రిక్కించేం.

"అక్కడుండేది సముద్రం," అన్నారు సత్యానందం గారు. "చాలా లోతు. ఎవరినీ తొయ్యకు."

"ఆయ్," అన్నాడు ముత్యాలు.